ముత్యాల జల్లెడలో రెండు నక్షత్రాలు

మా అక్క రాజమణికి ఓపిక తక్కువ. బస్సు కోసం నిలబడలేదు, అన్నం చల్లారేదాకా ఆగలేదు. అలాంటి మనిషి ఆవగింజంత రాతి ముక్కల ముందు పొద్దంతా కూర్చునేది. 1997లో యాకుత్‌పురా స్టేషన్ వెనక మా రెండు గదుల ఇంట్లో ఇంతకన్నా వింత ఇంకోటి లేదు.

యూనివర్సిటీలో అక్క పరిశోధన కోట్ల ఏళ్ల కిందటి పెళుసు నక్షత్రాల మీద. సముద్రం అడుగున పాకే అయిదు చేతుల జీవి అది. చచ్చిపోగానే ఒళ్లంతా విడిపోయి వందల పలకలవుతుంది. రాతిలో దొరికేవి ఎక్కువగా ఆ విడి పలకలే. చేతి పక్క పలకల మీద ముళ్లు అతికిన చోట బొడిపెలుంటాయి. వాటి వరుస చూసి ఏ జాతిదో చెప్పాలి. ఇదంతా మాకు చెబుతుంటే అక్క కళ్లు పెద్దవయ్యేవి, పొయ్యి మీద కూర మాడిపోయేది.

తమిళనాడు నుంచి తెచ్చిన, ఆ పలకలున్న మట్టిని కడిగి ఆరబెట్టింది. చార్మినార్ దగ్గర ముత్యాల దుకాణంలో పనిచేసే మా పక్కింటి అంజన్న పాత జల్లెడలు ఇచ్చాడు. ముత్యాలను సైజుల వారీగా వేరు చేసేవి. అక్క కూడా అలాగే జల్లించి, పెద్ద పలకలు ఒక డబ్బీలో, చిన్నవి ఇంకో డబ్బీలో పోసింది. నడిమి జల్లెడలో నిలిచినవి కొన్నే కదా అని పక్కన పెట్టింది. పెద్దవి ఎత్తుగా, నిండా బొడిపెలతో ఉన్నాయి. అవి ముందే పేరున్న జాతివి. చిన్నవి పొడుగ్గా, రెండేసి బొడిపెలతో ఉన్నాయి. అలాంటివి ఏ పుస్తకంలోనూ లేవు. కొత్త జాతి! దానికి మా అమ్మ నీలమ్మ పేరు పెడతానంది.

అమ్మకు తెలిస్తే బస్తీకి తెలిసినట్టే. తన పేరు మీద ఒక చుక్క ఉందని నల్లా దగ్గర సత్తెమ్మతో మొదలుపెట్టి అందరికీ చెప్పింది.

థీసిస్‌కు బొమ్మలు గీస్తూ అక్క ఒకరోజు ఆ నడిమి పలకలను యూనివర్సిటీ నుంచి తెచ్చుకున్న మైక్రోస్కోపు కింద పెట్టింది. కొన్నింటికి నాలుగు బొడిపెలు, కొన్నింటికి మూడు. గబగబా రెండు డబ్బీలూ తెచ్చి అన్నింటినీ వరుసగా పేర్చింది. ఎత్తు తగ్గుతోంది, పొడుగు పెరుగుతోంది, బొడిపెలు ఒక్కొక్కటే తగ్గుతున్నాయి. రెండు జాతులు కావు, ఒకే చేయి! పెద్దవి చేయి మొదట్లోవి, చిన్నవి కొసవి. సైజు చూసి వేరు చేయడం ముత్యాలకు సరిపోయింది గానీ చేతికి సరిపోలేదు. అక్క నన్ను పట్టుకుని గిరగిరా తిప్పింది. సంతోషంతో నాకూ కాళ్లు నేల మీద ఆగలేదు.

అప్పుడు గుర్తొచ్చింది అమ్మ.

అక్క వంటింటి గడప మీద కూర్చుని, “నీ పేరు పెట్టనీకి జాతి లేదమ్మా. అది పాతదాని చెయ్యి కొసనే,” అంది.

అమ్మ పిండి కలపడం ఆపింది. “నువ్వు చెప్పకుంటే ఎవరికన్న తెలుస్తదా?”

“ఇప్పట్ల తెల్వది.”

అమ్మ మళ్లీ పిండి కలిపింది. నాకు ఆమె మీద జాలి, అక్క మీద కోపం వచ్చాయి. కాసేపటికి అమ్మ చేతులు కడుక్కుని, ఆ చెయ్యేదో చూపించమంది. అక్క ఒక్కో పలకే జరుపుతుంటే మొదలు నుంచి కొసదాకా చూసింది. మళ్లీ మొదటి నుంచి చూపించమంది.

ఆ సాయంత్రం నల్లా దగ్గర, నీ చుక్క ఎట్లుందని సత్తెమ్మ నవ్వుతూ అడిగింది. అమ్మ బిందె కింద పెట్టింది.

“నా చుక్క లేదు సత్తెమ్మా, ఉన్నది ఒక్కటే. రెండనుకున్నది నా బిడ్డనే, కాదని పట్టింది గూడ నా బిడ్డనే.”