గంజి ఆరకముందే

హుస్నాబాద్ సాలెవాడలో అంబదాస్ మగ్గం ఆగి మూడు నెలలైంది. ఒళ్లు కాలడం లేదు, దగ్గు లేదు. పొద్దున మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చునేవాడు. చేయి పేక పోగు నడిపే నాడె దాకా పోయేది కాదు. పడుగు మీద దుమ్ము, దుమ్ము మీద వెలుగు. అది పంతొమ్మిది వందల అరవై మూడో సంవత్సరం చలికాలం.

ఒకనాడు మధ్యాహ్నం పెరటి బావి గట్టు మీద కూర్చుని లోపలికి చూస్తూ ఉండిపోయాడు. భార్య సక్కుబాయి వెళ్లి భుజం పట్టుకుంటే, నీళ్లు ఎంత నిమ్మళంగా ఉన్నాయో చూస్తున్నానన్నాడు. ఆనాటి నుంచి ఆమె అతన్ని ఒంటరిగా బావి దగ్గరికి పోనివ్వలేదు. బొక్కెనను బియ్యం గుమ్మి వెనక దాచి, నీళ్లు తానే తోడుకునేది.

కొండగట్టు అంజన్న గుడిలో పదకొండు దినాలు నిద్ర చేయించింది. తలకు నూనె అంటింది. కరీంనగర్ డాక్టరు మాత్రలిచ్చాడు. నిద్ర పట్టింది గాని నోరు ఎండింది, వేళ్లు వణికాయి. వణికే వేళ్లకు తెగిన పోగు దొరకదు. ఆ మాట చెబితే డాక్టరు ఆలోచించి, మెల్లమెల్లగా తగ్గించి మానమన్నాడు. ఒంటరిగా మాత్రం ఉంచొద్దని, దిగులు ముదిరితే వెంటనే తీసుకురమ్మని సక్కుబాయికి గట్టిగా చెప్పాడు.

ఎదురింట్లో పర్శరాములు ఉంటాడు, వరసకు బావమరిది. ఒక ఉదయం అతని పడుగు వీధి పొడవునా చాచి ఉంది. గంజి పట్టాలంటే ఇద్దరు చెరోపక్క కుంచె పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొస దాకా నడవాలి. నడుమ ఆగితే గంజి గడ్డకట్టి పోగులు అతుక్కుంటాయి. రోజూ తోడు పట్టే తన తమ్ముడు ఊళ్లో లేకపోవడంతో పర్శరాములు అరుగు మీదున్న అంబదాస్‌ను పిలిచాడు.

"బావా, జర గా పక్క పట్టు."

"నాతోని కాదు."

"గంజి నీ లెక్క కూసోదు బావా. ఎండుతది."

అంబదాస్ లేచాడు. సగం వీధి నడిచి, ఎందుకో తనకే తెలియకుండా ఆగిపోయాడు. రెండు గజాల పడుగు అట్టలా బిగుసుకుంది. పర్శరాములు మధ్యాహ్నం దాకా తడిపి, ఒక్కొక్క పోగూ విడదీశాడు. అంబదాస్ అరుగు మీద నుంచి ఆ వేళ్లనే చూస్తూ కూర్చున్నాడు. ఇక తననెవరూ పిలవరనుకున్నాడు.

మర్నాడు పర్శరాములు మళ్లీ పిలిచాడు. తమ్ముడు ఊరి నుంచి వచ్చే ఉన్నాడు. అంబదాస్ అది చూశాడు. చూడనట్టే కుంచె అందుకున్నాడు. ఈసారి ఆ కొస దాకా నడిచి, అక్కడ నిలబడిపోయాడు.

"తిరుగు బావా, మల్ల పోవాలె," అన్నాడు పర్శరాములు.

చలికాలమంతా వాడలో ఎవరి పడుగు చాచినా ఒక పక్క అంబదాస్ నడిచాడు. దిగులు పోలేదు. పొద్దున అతనితోపాటే లేచి, ఆ లేత ఎండలో అతని పక్కనే నడిచేది. కొన్ని పొద్దుల్లో అతను లేవనేలేదు.

శివరాత్రి దాటాక ఒక ఉదయం పడుగుకు పట్టే గంజి కాయడానికి ఇంట్లో నీళ్లు లేవు. సక్కుబాయి పొయ్యి ముందు చాలాసేపు కూర్చుంది. తర్వాత గుమ్మి వెనక నుంచి బొక్కెన తీసి, కడవతో సహా అతనికిచ్చింది.

"నువ్వు రావా?" అన్నాడు.

"పొయ్యి అంటుకున్నది. నువ్వే తే."

అతను వెళ్లాడు. ఆమె చేతిలో పుల్ల అలాగే ఉండిపోయింది. గిలక తిరిగింది. ఆగింది. చాలాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత మళ్లీ కదిలింది, మెల్లగా, అలసిన మనిషి తోడినట్టు.

అతను వచ్చి కడవ దించాడు. సగమే ఉంది.

"ఇవి సాలవు. మల్ల పోయొస్త," అన్నాడు.