మావయ్య గీకేసిన రాగిరేకు

మావయ్య పోయాడని గురువారం పొద్దున అత్త ఫోన్ చేసింది. టిఫిన్ తిని కుర్చీలో కూర్చున్నవాడు అలాగే ఒరిగిపోయాడట.

ఓడలు బాగుచేసే ఒక వర్క్‌షాపులో ఇత్తడి పలకల మీద పేర్లు చెక్కడం ఆయన ఉద్యోగం. ఇంటికొచ్చాక రాగిరేకుల మీద తెలిసినవాళ్ల బొమ్మలు చెక్కేవాడు. ముక్కు ఉన్నదానికంటే కాస్త పెద్దది, పొట్ట ఇంకాస్త పెద్దది. రేకుకు సిరా పూసి, తుడిచి, తడికాగితం మీద అచ్చు తీసేవాడు. వాటిలో మా వీధంతా ఉండేది.

ఈ పిచ్చి ఆయనకు పూర్ణామార్కెట్‌లో కొన్న పాత పుస్తకం వల్ల పట్టింది. రెండు వందల ఏళ్ల కిందట ఇంగ్లండులో ఒకాయన రాజునీ మంత్రులనీ వెక్కిరిస్తూ రాగిరేకుల మీద చెక్కిన బొమ్మలున్నాయి అందులో. మావయ్యకు ఇంగ్లీషు రాదు, నేనే చదివి చెప్పాను. తన బొమ్మలమ్మే కొట్టు మీది గదిలోనే ఆ చిత్రకారుడు బతికాడనీ, చివరికి చూపు మందగించి, మతి చెడిపోయిందనీ చదివితే, మావయ్య "పాపం, ఆడికి ఎవులున్నారో" అన్నాడు.

ఒకసారి డ్యూటీలో కునికే గేటు కాపలాదారు బొమ్మ వేసి క్యాంటీన్‌లో అంటించాడు. అందరూ నవ్వారు. ఆఫీసరు కూడా చూసి కాపలాదారుకు మెమో ఇచ్చాడు. అతని ఉద్యోగం పోతుందేమోనని భయపడి మావయ్య యారాడలో అతనింటికి వెళ్లాడు. అతని భార్యకు పక్షవాతం. రాత్రుళ్లు ఆమెకు అతనే తోడు. మావయ్య తిరిగొచ్చి రేకును గరుకు కాగితంతో నున్నగా గీకేశాడు. మర్నాడు ఆఫీసరు దగ్గరకెళ్లి, "నాను గీసింది తప్పు బాబూ. ఆడు ఎందుకు కునుకుతన్నాడో కనుక్కోలేదు" అన్నాడు. ఇంకెప్పుడూ బొమ్మలు అంటించనని మావయ్య చేత రాయించుకుని మెమో వెనక్కి తీసుకున్నారు.

కాపలాదారు భార్య పోయేదాకా, నాలుగేళ్లు, ప్రతి ఆదివారం యారాడ వెళ్లి ఆమె పక్కన కూర్చునేవాడు. ఆ కాసేపు కాపలాదారు నిద్రపోయేవాడు. ఒకరోజు ఆమే, "నా మొగం కూడా గియ్యన్నయ్యా" అందట. వంకరపోయిన మూతితో సహా, దేన్నీ పెంచకుండా, తగ్గించకుండా గీశాడు. అది చూసి సగం మూతితోనే నవ్విందని చాలాసార్లు చెప్పేవాడు. "ఎవుల్నైనా గీసీ ముందు ఆలింటికెల్లి రావాల" అని నాతో అనేవాడు.

మావయ్యకు స్నానం చేయించేటప్పుడు ఆ కాపలాదారు వచ్చాడు. ఇప్పుడు ముసలాడు. మావయ్య గోళ్లలో ఇంకిన సిరాను సబ్బుతో రుద్దుతూ కూర్చున్నాడు. ఎంతకీ పోలేదు.

"ఒగ్గీ అన్నయ్యా, ఉండనీ" అంది అత్త.

అతను సబ్బు పక్కన పెట్టి, ఆ నల్లటి వేళ్లను ఒక్కొక్కటిగా తువ్వాలుతో ఒత్తాడు.