చెలిమెలో కాళ్ళు కడుక్కున్నాను

సముద్రం చూద్దామని అక్కతో కలిసి దేవరకొండలో బండి కట్టి, నైజాం పొలిమేర దాటి వచ్చాను. నిన్న ఒడ్డునే గుడారం వేసుకున్నాం. ఈ పొద్దున ఇసుకలో ఒక గుంట నిండా నీళ్ళు కనిపించాయి. ఇక్కడ ఉప్పునీళ్ళు కాక ఇంకేముంటాయని అందులో దిగి కాళ్ళు కడుక్కున్నాను. అంతలో కడవతో వచ్చిన బెస్త ముసలమ్మ నిలబడిపోయింది.

"అయ్యో, అది చెలిమె, మేం తాగే నీళ్ళు బాబూ!"

అక్క కళ్ళెర్రజేసింది. "మనూర్ల చెలిమెల ఎవలన్న కాలు వెడితే ఊకుంటవార?"

ఊరుకోను. పోయిన ఎండాకాలం ఒకణ్ణి కర్ర పట్టుకుని తరిమాను కూడా.

ముసలమ్మ మాత్రం ఆ నీళ్ళన్నీ తోడిపోసి, కొత్త ఊట వచ్చేదాకా కూర్చుంది. మొదటి ముంత నాకే ఇచ్చింది. తియ్యగానే ఉన్నాయి గానీ ఒక్క గుక్కకే ముంత దింపేశాను. మీరైతే తాగగలిగేవారా?