లిన్ ఆంటీ కాల్చేసిన మా బిల్డింగు

మా చిన్నప్పుడు... బహ్రెయిన్‌లో, మనామా ఊళ్ళో హూరా అనే పేటలో మా పక్క ఫ్లాట్‌లో లిన్ ఆంటీ ఉండేది. బొమ్మలు వేసేది. ఆవిడ రంగుల వాసన మా వంటింటి దాకా వచ్చేది, మా అమ్మ ఇంగువ పోపు వాళ్ళింట్లోకి వెళ్ళేది. చెల్లుకు చెల్లు!

బిల్డింగంతా ఆవిణ్ణి చైనా ఆంటీ అనేవాళ్ళు. పాపం ఆవిడ పుట్టింది మలేషియాలో... చైనా ఎప్పుడో తాతలు వదిలేసిన దేశం, ఆవిడ కంటితో చూసిందే లేదు. అయినా కొనడానికి వచ్చినవాళ్ళందరూ వెదురు పొదలు, మంచుకొండలే అడిగేవారు. అవి వేసి అమ్మేది. తన కోసం మాత్రం హూరాని వేసుకునేది... నీళ్ళ ట్యాంకులు, తుప్పు పట్టిన ఏసీలు, కింద కోల్డ్ స్టోర్ అనే కిరాణా కొట్టు ముందు పిల్లులు.

ఆవిడ బహ్రెయిన్ వచ్చిన ఏడాదే అక్కడ మలేషియాలో వాళ్ళమ్మ పోయింది. కడచూపు దక్కలేదు.

పోయిన పెద్దలు ఇళ్ళకి తిరిగొచ్చే నెల ఒకటి ఉంటుందట ఆంటీ వాళ్ళకి. ఆ పెద్దలకేం పంపాలన్నా కాగితంతో చేసి కాలుస్తారు. ఆంటీ మా బిల్డింగు బొమ్మ వేసింది.

"మా అమ్మ ఈ ఇల్లు చూడలేదు కదా... ఎలా వస్తుంది?" అంది నాతో.

నాకు దిగులు పట్టుకుంది. నానమ్మ తద్దినం రోజున మా నాన్న బహ్రెయిన్‌లో కూర్చుని కూడా, సంకల్పంలో శ్రీశైలానికి ఈశాన్యాన ఉన్నామనే చెప్పేవారు మరి! నానమ్మ ఎక్కడెక్కడ వెతుక్కుంటోందో...

కాల్చే రోజు సాయంత్రం అమ్మా నేనూ కూడా మేడ మీదికి వెళ్ళాం. రేకు డబ్బాలో నిప్పు రాజేసి ఆంటీ బొమ్మ విప్పింది. ఒక్క కిటికీ వదల్లేదు. మా బాల్కనీలో రెండు జడలతో, రెయిలింగ్ పట్టుకుని... నేను!

అమ్మ ముఖం పాలిపోయింది. ఇంగ్లీషు అంతంతమాత్రం, తెలుగులోనే అరిచేసింది.

"ఇదేం చోద్యమమ్మా! బతికున్న పిల్లని మంటల్లో వేస్తారా ఎవరన్నా? ఇలా ఇచ్చెయ్యండి!"

భాష రాకపోయినా ఆంటీకి అర్థమైంది. "గుర్తు కోసం వేశాను... ఈ పిల్ల పక్కదే మా ఇల్లని" అంది మెల్లగా. మా బాల్కనీ వరకు జాగ్రత్తగా చింపి నా చేతిలో పెట్టి, చిల్లు పడిన బిల్డింగుని నిప్పులో వేసింది.

ఆ సాయంత్రం ఆవిడ గుమ్మంలో అన్నం గిన్నె పెట్టి, తలుపు తెరిచే ఉంచింది. మర్నాడు పొద్దున నేను స్కూలుకి వెళ్తుంటే అన్నం అలాగే ఉంది.

"వచ్చిందా ఆంటీ?"

"దారి తెలిసుండదు" అంది నవ్వుతూ. అమ్మ చాలా రోజులు ఆ గుమ్మం వైపు చూడలేకపోయింది.

ఇప్పుడు ఉద్యోగం నన్ను మళ్ళీ ఈ బహ్రెయిన్‌కే తెచ్చింది. మొన్న హూరా వెళ్తే... బిల్డింగు లేదు. కార్లు ఆపుకునే ఖాళీ స్థలం. ఆంటీ ఏ దేశంలో ఉందో, అసలు ఉందో లేదో కూడా తెలీదు.

పర్సులోంచి ఆనాటి బొమ్మ ముక్క తీశాను. బిల్డింగంతా ఎప్పుడో అటు, పోయినవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది... ఈ బాల్కనీ ఒక్కటే ఇటు మిగిలింది. అందులో రెండు జడల పిల్ల ఇంకా రోడ్డు వంక చూస్తూనే ఉంది.

ఆంటీ వాళ్ళమ్మ ఇప్పుడైనా వెతుక్కుంటూ వస్తే, ఆ పిల్లే కదా గుర్తు! అందుకే చీకటి పడేదాకా అక్కడే నిలబడ్డాను...

మీరు పెరిగిన ఇల్లు కూడా ఇప్పుడు లేదా? మరి మీ వాళ్ళు వస్తే, మిమ్మల్ని దేన్ని చూసి గుర్తుపడతారు... చెప్పరూ?