చాప మీద తమ్ముడి చోటు

మా మేనత్త పోయిందని పొద్దున్నే తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, అత్తమ్మ లేస్తలేదు" అన్నాడు. సూర్యాపేటలో బస్సెక్కి మిర్యాలగూడ చేరేసరికి చెల్లెలు కోదాడ నుంచి వచ్చి అత్తమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది.

అది జరిగి నెల దాటింది. ఇంట్లో కుటుంబ ప్రార్థన చేసుకునే మీలాంటి వారికి ఆమె సంగతి చెప్పాలనిపించింది.

మా అమ్మ పోయేనాటికి నేను బడికి వెళ్ళే పిల్లను. తమ్ముడు చిన్నవాడు, చెల్లెలికి ఇంకా నడక కుదరలేదు. భర్తను పోగొట్టుకుని మఠంపల్లిలో ఒంటరిగా ఉన్న అత్తమ్మ ఒక ట్రంకు పెట్టె, ఒక చాప పట్టుకుని మా ఇంటికి వచ్చింది. మళ్ళీ వెనక్కి పోలేదు. నాయన రైస్ మిల్లు నుంచి వచ్చేసరికి అత్తమ్మ అన్నం దించి, మూత పెట్టి, గిన్నె తెచ్చి చాప పక్కన పెట్టేది. ప్రార్థన అయ్యాకే మూత తీయడం. పాట ఎప్పుడూ పైనెక్కడో ఎత్తుకునేది. రెండో చరణానికి వచ్చేసరికి మాలో ఎవరికీ అందేది కాదు. ఆమె మాత్రం ఆగేది కాదు.

ఆ చాప మీద ఆమె పెట్టిన పద్ధతి ఒకటుండేది. ఎవరూ తమ కోసం తాము ప్రార్థించుకోకూడదు. కుడిపక్కన కూర్చున్న వాళ్ళ కోసమే చేయాలి. ఎవరి చోటు వాళ్ళదే, మారడానికి లేదు. నా సంగతి ఎవరు చెబుతారని అడిగితే, "నీ ఎడమపక్కనోళ్ళు చెప్తరు, నీకెందుకు ఫికర్" అనేది. అత్తమ్మ కుడిపక్కన తమ్ముడు, వాడి కుడిపక్కన నేను. పగలు నా చేతిలో దెబ్బలు తిన్న రోజు సాయంత్రం వాడు గట్టిగా కళ్ళు మూసుకుని, "ప్రభువా, అక్కకు మంచి బుద్ధి ఇయ్యి, నన్ను కొట్టకుంట చెయ్యి" అన్నాడు. అత్తమ్మ కళ్ళు తెరవకుండానే, "గిది ప్రార్థన గాదు కొడుకా, సాడీలు చెప్పుడు. మల్ల చెయ్యి" అంది. వాడు మళ్ళీ చేశాడు. ఈసారి నాకు పరీక్షల్లో మంచి మార్కులు రావాలని అడిగాడు. అలా అడిగాక ఇంకా కోపంగా ఉండటం వాడికీ కుదరలేదు, నాకూ కుదరలేదు. మా ఇంట్లో అలకలు చాలావరకు ఆ చాప మీదే పోయాయి. ప్రార్థన మరీ సాగదీస్తే మాత్రం అత్తమ్మ ఊరుకునేది కాదు. "దేవుడికి అన్నీ ఎరుకే. అన్నం సల్లారుతది, జల్ది చెప్పు" అనేది.

పెళ్ళయి నేను సూర్యాపేట వచ్చాను. తమ్ముడికీ పెళ్ళయ్యాక నా చోట్లో మరదలు కూర్చుంది. నాయన పోయాక చాప మీద మనుషులు తగ్గారు. తర్వాత మరదలి ఒళ్ళోకి ఒక పాప వచ్చింది. ఆ పాపకు అయిదేళ్ళు నిండకముందే మరదలు జబ్బు పడింది. దవాఖాన నుంచి తెచ్చిన రోజుల్లో గోడకు ఆనుకునైనా ఆ చోట్లోనే కూర్చునేది. తమ్ముడు రోజూ ఆమె కోసం అడిగేవాడు. గొంతు పోయేదాకా అడిగేవాడు. అప్పుడు మాత్రం అత్తమ్మ అన్నం మాట ఎత్తలేదు.

మరదలు పోయింది. సమాధి చేసి వచ్చిన రోజు తమ్ముడు గుమ్మం దగ్గరే నిలబడి అన్నాడు: "నేనడిగిన. ఇయ్యలే. ఇగ నన్ను కూసోమనకు అత్తమ్మా."

అత్తమ్మ వాడిని మందలించలేదు, బైబిలు వాక్యం చెప్పలేదు. "సరే కొడుకా. నీ వంతు నేను చేస్త. నీ చోటు మాత్రం తియ్య" అంది.

మర్నాటి నుంచి వాడి కూతుర్ని తల్లి చోట్లో కూర్చోబెట్టుకుంది. మధ్యలో వాడి చోటు ఖాళీ. తన వంతుగా వాడి కోసం ప్రార్థించేది. తర్వాత ఆ ఖాళీ మీదుగా చేయి చాచి, పిల్ల తల మీద పెట్టి, వాడి వంతు కూడా చేసేది. తమ్ముడు మిల్లు నుంచి వచ్చి, ప్రార్థన అయ్యేదాకా చెప్పులు విడవకుండా గుమ్మం బయట నిలబడేవాడు. "అన్నయ్యకి నువ్వైనా చెప్పొచ్చుగా అత్తమ్మా" అని చెల్లెలు ఒకసారి నిష్ఠూరంగా అంటే, "నిలబడనియ్యి. చెప్పులు కాళ్ళకున్నయ్ గని చెవులకు లేవు గద" అంది.

ఒకనాడు కొత్తగా వచ్చిన పాస్టరుగారు ఇంటికి వచ్చారు. చోటు ఖాళీగా కనిపిస్తే వెళ్ళి అక్కడే కూర్చున్నారు. దైవసేవకుల ఎదుట గొంతు ఎత్తి ఎరగని అత్తమ్మ, "అయ్యగారూ, జర ఇటు జరుగుండ్రి. ఆడ మావోడు కూసుంటడు" అంది. పాస్టరుగారు గుమ్మం వైపు చూశారు. తమ్ముడు తల దించుకున్నాడు. ఆయన జరిగి కూర్చున్నారు. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. మాకు ఆమె నేర్పినదంతా ఆ ఒక్క మాటలో ఉందని ఇప్పుడు అనిపిస్తుంది.

ఇలాగే ఏళ్ళు గడిచి పిల్ల ఎదిగింది. ఈ ఏడాది మోకాళ్ళు వంగక అత్తమ్మ తన చోట్లో కుర్చీ వేసుకుని కూర్చునేది. చివరిసారి నేను వెళ్ళినప్పుడు పిల్ల నీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళింది. అప్పుడు నా చేయి పట్టుకుని, "నేను పోయినంక గీ పిల్ల కోసం ఎవలడుగుతరు?" అంది. నేను అడుగుతానన్నాను. తల అడ్డంగా ఊపింది. "నువ్వు సూర్యాపేటల ఉంటవ్. పక్కన కూసున్నోళ్ళు అడగాలె బిడ్డా." ఆమెకు మిగిలిన దిగులు అదొక్కటే. అది తీరకుండానే వెళ్ళిపోయింది.

సమాధి అయ్యాక చుట్టాలంతా వెళ్ళిపోయారు. ఇంట్లో మళ్ళీ పొయ్యి వెలిగించిన సాయంత్రం తమ్ముడి కూతురే అన్నం వండింది. దించి, మూత పెట్టి, గిన్నె తెచ్చి చాప పక్కన పెట్టింది. ఎవరూ చెప్పలేదు. కుర్చీ తీద్దామా అని చెల్లెలు నన్ను కళ్ళతో అడిగింది. ఉండనిమ్మన్నాను. పిల్ల తన చోట్లో కూర్చుంది. ఆమె కుడిపక్కన నేను, నా పక్కన చెల్లెలు. పాట చెల్లెలు ఎత్తుకుంది, అందరికీ అందేలా. అదే బాగాలేదు.

పాట అయ్యాక పిల్ల వంతు వచ్చింది. నా కోసం అడిగింది. నేను చెల్లెలి కోసం అడిగాను. చెల్లెలు తన పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు చూసి, ఏమీ అడగలేక, అత్తమ్మను ఇచ్చినందుకు దేవునికి వందనాలు చెప్పింది. ఇక పిల్ల కోసం అడగడమే మిగిలింది. ఆమె ఎడమపక్కన తమ్ముడి చోటు ఖాళీ. అడిగేవాళ్ళు లేరు.

గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడైంది. తమ్ముడు వాటిని విడిచి లోపలికి వచ్చాడు. కుర్చీ పక్కన, తన చోట్లో కూర్చున్నాడు. కూర్చోవడం మరిచిపోయిన మనిషిలా ఒక కాలు ముడిచి, మళ్ళీ చాపి, మళ్ళీ ముడిచాడు. కూతురి తల మీద చేయి పెట్టాడు.

"ప్రభువా, నా బిడ్డను..." అన్నాడు. ఆ పైన మాట దొరకలేదు.

చెల్లెలూ పిల్లా కళ్ళు మూసుకునే ఉన్నారు. వాడు ఆ తల మీద నుంచి చేయి తీయలేదు. పక్కన గిన్నె మూత కింద అన్నం చల్లారిపోతోంది. జల్ది చెప్పు అనేవాళ్ళు ఎవరూ లేరు.