కొబ్బరి కల్లంలో జపాను రోడ్డు

అళగిరిసామికి కడుపుమంట. మజ్జిగ తాగితే చల్లారే మంట కాదు, ఎదుటివాడికి ఏది దక్కినా భగ్గున లేచే మంట. ఆ జబ్బు లోకంలో ఎవరికి లేదు గనక! కాకపోతే మిగతావాళ్ళు పైకి నవ్వుతూ లోపల దాచుకుంటారు. అళగిరిసామికి ఆ దాపరికం చేతకాదు. పొల్లాచ్చి చుట్టుపక్కల ఎవరింట్లో మంచి జరిగినా పంచె ఎగ్గట్టుకుని నేరుగా వాళ్ళ వసారాలోకి వెళ్ళి, "అయ్యో సామీ, కడుపు మండతా ఉండాదే!" అని గట్టిగా అరిచి, వాళ్ళు పెట్టిన మైసూరుపాకు మళ్ళీ అడిగి మరీ తిని వస్తాడు.

పక్కతోట ఆవు కవలదూడలను ఈనితే వారంపాటు తన ఆవుతో మాట మానేశాడు. వియ్యంకుడికి పిత్తాశయంలో రాళ్ళు తీసి కోయంబత్తూరు ఆస్పత్రిలో పడుకోబెడితే చూడబోయాడు. మంచం చుట్టూ జనం, బల్లనిండా ఆపిల్‌పళ్ళు, అడక్కుండానే కాళ్ళు పట్టే కొడుకులు. అంతే, అళగిరిసామికి పొగ మొదలైంది.

"ఇన్నేండ్లుగా బతకతా ఉండాను, నాకొక రాయన్నా వచ్చిందా? అంతా మీకే!" అన్నాడు. వియ్యంకుడు కుట్లు పట్టుకుని నవ్వలేక చచ్చాడు.

ఊరివాళ్ళు దీనికి అలవాటుపడటమే కాదు, రుచి కూడా మరిగారు. పిల్లకు సంబంధం కుదిరినా, బావిలో నీళ్ళు పడినా ముందు అళగిరిసామి చెవిన వేస్తారు. ఆయన మండితే అది నిజంగా మంచి సంగతే అన్నమాట. ఆయన "సరి, సరి" అని ఊరుకుంటే ఆ రోజు వాళ్ళింట్లో అన్నం సయించదు.

ఈ మహానుభావుడు బృందకు మేనమామ. బృంద కోయంబత్తూరులో పంపుసెట్లు చేసే కంపెనీలో ఇంజనీరు. జపానులో కొండ ఊళ్ళకు తిరిగి పంపులు చూసే పని ఆమెకు దక్కినప్పుడు అందరూ తలమీద చెయ్యిపెట్టి దీవించారు. మామ ఒక్కడే స్తంభానికి ఆనుకుని నిట్టూర్చాడు.

"విమానంలో కిటికీ పక్కన సీటా అమ్మిణీ? చెప్పొద్దు, నాకు చెప్పొద్దు... రెక్క కనపడే పక్కా, కనపడని పక్కా?"

"రెక్క కనపడే పక్కే మామా."

"పోయింది! ఈ పూట నాకు నిద్ర పోయింది!"

జపానులో దిగాక అసలు కథ మొదలైంది. బస్సు కూడా రాని ఊళ్ళు అవి, కారు లేనిదే పని జరగదు. మన లైసెన్సు చూపిస్తే వాళ్ళ లైసెన్సు ఊరికే ఇవ్వరు. కార్డును వాళ్ళ భాషలోకి రాయించాలి, లైసెన్సు వచ్చాక కొన్ని నెలలు మన దేశంలోనే ఉన్నామని పాస్‌పోర్టు ముద్రలు చూపించాలి, ప్రశ్నలకు జవాబులు రాయాలి. ఇవన్నీ బృంద దాటేసింది. మిగిలింది డ్రైవింగు పరీక్ష. అది వీధిలో కాదు. గోడ కట్టిన మైదానంలో రోడ్లూ, సిగ్నలూ, ఇరుకు మలుపులూ వేసి ఉంచుతారు. పక్క సీట్లో ఒక అధికారి రాతి మొహంతో కూర్చుంటాడు.

మొదటిసారి, కారెక్కే ముందు వంగి కింద చూడలేదని ఫెయిల్ చేశారు. రెండోసారి, ఆగమన్న గీత దగ్గర కారును నెమ్మది చేసిందే గాని పూర్తిగా ఆపలేదు. మూడోసారి అన్నీ సరిగ్గా చేసి, ఇరుకు మలుపులో పాం పాం అని హారన్ కొట్టింది. పొల్లాచ్చి సంత రోడ్డులో బండి నేర్చుకున్న చెయ్యి మరి! అవసరం లేకుండా హారన్ కొట్టడం అక్కడ తప్పు. రాతి మొహం మొదటిసారి కదిలింది.

నెలాఖరులోగా లైసెన్సు రాకపోతే వెనక్కి పిలిపించి రత్నసభాపతిని పంపుతామని కోయంబత్తూరు ఆఫీసు చెప్పేసింది. రత్నసభాపతి ఆమె పక్క బల్లవాడు. అప్పుడే క్యాంటీన్‌లో రెండు పెన్సిళ్ళతో ఇడ్లీ తినడం సాధన చేస్తున్నాడని కబురు. బృందకు ఏడుపొచ్చింది. పోరాడి తెచ్చుకున్న పని అది. ఫోన్ చేసినవాళ్ళందరూ "పాపం పాప్పా, పోనీలే" అన్నారు. ఆ పాపం అనే మాట వింటే ఆమెకు ఒళ్ళు మండేది. ఆఖరికి మామ చేశాడు.

"మూడుసార్లా? మూడుసార్లూ ఆ కారు ఎక్కనిచ్చినారా నిన్ను?"

"ఫెయిలయినాను మామా!"

"అది సరిలే. జపాను కారు, జపాను రోడ్డు, పక్కన జపాను అధికారి. నాకు ఒక్కసారన్నా దక్కిందా ఆ యోగం? నలభై ఏండ్లుగా బండి నడపతా ఉండాను, కేరళ పొలిమేర వాళయారు చెక్‌పోస్టు దాటి పోయింది లేదు. కడుపు మండతా ఉండాది అమ్మిణీ!"

ఓడినందుకు కూడా అసూయపడే మనిషిని బృంద అంతవరకు చూడలేదు. ఏడుస్తున్నదల్లా నవ్వేసింది.

"ఆ రోడ్డు ఎట్ల ఉంటుందో గీసి పంపు," అన్నాడు మామ. "నేను పాసయ్యి చూపిస్తాను. అప్పుడు మండాల నీకు!"

పంపింది. మర్నాడు సాయంత్రం వీడియోలో చూస్తే ఏముంది! కొబ్బరి ఆరబోసే కల్లం ఖాళీ చేసి, సున్నంతో రోడ్లు గీసి, పీచు కుప్పలతో మలుపులు కట్టి, మలుపు మలుపుకూ ఎండుకొబ్బరికాయలు నిలబెట్టాడు. నడిమధ్యలో వళ్లి అత్త ఒక చేత ఎర్ర తుండు, ఒక చేత పచ్చటి అరిటాకు పట్టుకుని నిలబడి ఉంది.

"అత్తా, ఏమిది?"

"నేను సిగ్నలంట అమ్మిణీ. పొయ్యిమీద సాంబారు పొంగతా ఉండాది. ఎర్ర చూపించి పోదామంటే పోనియ్యరు మీ మామ."

"నువ్వే అధికారివి," అన్నాడు మామ కారులోంచి. "తప్పు చేస్తే తిట్టు. మామ గదా అని చూడొద్దు."

చేశాడు. అబ్బో, ఎన్ని తప్పులు చేశాడని! కారు కింద చూడకుండా ఎక్కాడు. గీత మీద ఆగీ ఆగకుండా పాక్కుంటూ పోయాడు. ఇరుకు మలుపులో హారన్ మోగించి, కల్లం అంచున మేస్తున్న కోళ్ళన్నిటినీ లేపాడు.

"మామా! ఏంటికి హారనూ?"

"మూల తిరిగేటప్పుడు హారన్ కొట్టకుంటే బండికి మర్యాద ఏముంటాది?"

"ఫెయిలు! దిగండి!"

మర్నాడు మళ్ళీ అదే. "వంగి చూడండి మామా! ... ఆగండి, చక్రం కదలకూడదు! ... హారన్ మీంచి చెయ్యి తీయండి!" రోజూ అక్కడి ఆఫీసులో పని ముగించుకుని గదికొచ్చి, ఫోన్ పట్టుకుని గొంతు పోయేలా అరవడం బృందకు అలవాటైపోయింది. ఒకసారి చెప్పిన తప్పు మళ్ళీ చేసే మొండిఘటం ఆయన. వదిలేద్దామంటే, "జపాను రాజావారి పరీక్ష నీకొక్కదానికేనా? నాకు కడుపు మండతా ఉండాది, మళ్ళీ పెట్టు!" అని పంతం.

పరీక్ష ముందురోజు ఆమెకు పని తొందరగా అయిపోయింది. రోజూ చేసే వేళకు ముందే ఫోన్ చేసింది. అత్త ఎత్తింది. చెయ్యి అడ్డం పెట్టుకుని మెల్లిగా, "మాట్లాడొద్దు, చూడు," అంటూ ఫోన్ కల్లం వైపు తిప్పింది.

మామ కారు చుట్టూ తిరిగాడు. వంగి కింద చూశాడు. ఎక్కి, అద్దం సవరించుకుని, నూనె జారినంత మెత్తగా కదిలాడు. గీత దగ్గర కారు నిలువునా ఆగింది. ఇరుకు మలుపులో ఒక్క కొబ్బరికాయ కదల్లేదు, ఒక్క కోడి తల ఎత్తలేదు.

"అత్తా! మామకు వచ్చేసిందే!"

"ఎప్పుడు రాకుండె? దినామూ నువ్వు ఫోన్ చేసేదానికి ముందు ఇట్ల ఒక సుట్టు సరిగ్గా నడుపుతారు. అమ్మిణి యాడ యాడ తప్పిందో ఆడాడ నేను తప్పాల, మర్చిపోకూడదు అనుకుంటా మళ్ళీ ఒక సుట్టు. తప్పుగా నడిపేదే కష్టంగా ఉండాదంట. నువ్వు బాగా తిట్టిన దినం రెండు దోసెలు ఎక్కువ తింటారు."

మామ కారు దిగి ఇటే వస్తున్నాడు. అత్త చటుక్కున ఫోన్ మామ చేతికిచ్చింది.

"ఏమ్మా అధికారీ, రెడీనా?" అన్నాడాయన, అప్పుడే వచ్చినవాడిలా. ఫోన్ మళ్ళీ అత్తకిచ్చి కారెక్కాడు, కింద చూడకుండానే.

"మామా!" అని బృంద అరిచిన అరుపుకు పక్క గది జపాను ఆమె గోడ తట్టింది. "ఎన్నిసార్లు చెప్పాల మీకు? దిగండి! వంగండి!"

మామ ఆనందంగా వంగాడు.

మర్నాడు పరీక్షలో బృంద వంగి చూసింది, ఆగింది. ఇరుకు మలుపు వచ్చింది. చెయ్యి తనంత తానే హారన్ మీదికి పోబోయింది. ఏంటికి హారనూ అని చెవిలో అరుపు వినపడింది. ఎవరిదో కాదు, తన గొంతే. చెయ్యి వెనక్కొచ్చింది. రాతి మొహం కాగితంమీద ఏదో రాసుకుని, తల వంచి మర్యాద చేసింది.

కార్డు చేతికొచ్చాక ముందు మామకే చూపించింది. ఆయన కళ్ళద్దాలు సవరించుకుని చాలాసేపు చూశాడు.

"చాలులే, తీసెయ్. రెండు దేశాల లైసెన్సులా ఒక్క మనిషికి? చూడలేను!" అన్నాడు ముక్కు తుడుచుకుంటూ.

తర్వాత ఒక సాయంత్రం కొండదారిలో పంపు చూసి తిరిగొస్తూ, దారి పక్కన కారాపి ఫోన్ చేసింది. అత్త ఎత్తింది. వెనక ఏదో బండి గురగురలాడుతోంది, మామ ఎవరిమీదో కేకలేస్తున్నాడు.

"ఎవరత్తా అది?"

"పక్కింటి కళైవాణి. ట్రాక్టరు నడిపే పరీక్షకు పోయి, భయంతో ఏడ్చి వచ్చేసింది. ఆడపిల్లకు ట్రాక్టరా, నాకు కడుపు మండతా ఉండాదని మీ మామ నిన్నటినుంచి ఆ పిల్ల ముందర ట్రాక్టరును గుంతలో దింపతా ఉండారు."

బృంద కారులో ఒక్కతే ఉంది. పక్క సీటు ఖాళీ. రోడ్డు నున్నగా ఉంది, ఎక్కడా ఒక్క హారన్ లేదు. ఉన్నట్టుండి కడుపులో ఎక్కడో సన్నగా సెగ రాజుకుంది. ఆ కళైవాణి ఎవరు? మొన్న మొన్నటిదాకా ముక్కు చీదుకుంటూ తిరిగిన పిల్ల! దానికోసం ట్రాక్టరును గుంతలో దింపుతాడా మామ?

"అత్తా, ఫోన్ మామకియ్యండి."

"ఏమి అమ్మిణీ?" అన్నాడు మామ.

"మామా," అంది బృంద, "నాకు కడుపు మండతా ఉండాది."

అటువైపు ట్రాక్టరు ఆగింది. తర్వాత, "వళ్లీ!" అని పెద్ద కేక. "పాయసం పెట్టు! మన అమ్మిణికీ మంట వచ్చేసింది!"