సంరక్షకుడికే నౌకరి లేదు

ఇది ఒక మహాగాథ. ఒక సామాన్య కుటుంబం నారాయణగూడ మీదికి కదిలివెళ్ళి చట్టాన్నే తిరగరాసిన వీరచరిత్ర.

కాదులెండి. ఒక ఆదివారం మీటింగుకు వెళ్ళాం, సమోసాలు తిన్నాం, నడుచుకుంటూ చిక్కడపల్లికి తిరిగొచ్చాం.

మేమంటే అమ్మ, అన్న, నేను. అన్నకు డౌన్ సిండ్రోమ్ ఉంది. నాకు గ్రూప్స్ ప్రిపరేషన్ ఉంది. రెండూ నయమయ్యేవి కావు. చుట్టాలు మాత్రం అన్న గురించే నిట్టూరుస్తారు.

అశోక్ నగర్‌లో మా కోచింగ్ సెంటర్ కింద ఒక పుస్తకాల షాపు ఉంది. సోమవారం తప్ప రోజూ నాకు క్లాసు. అన్న నాతో వచ్చి ఆ షాపులో కూర్చునేవాడు. కూర్చున్నవాడు ఊరుకోకుండా పుస్తకాలు సర్దడం, అడిగినవాళ్ళకు తీసివ్వడం మొదలుపెట్టాడు. చూసి చూసి ఓనరే అన్నాడు: "జీతమిస్త. పొద్దుగాల్నుంచి పంపుండ్రి."

అన్న ఆ రోజే ఒక చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. అమ్మ వద్దంది. ట్రాఫిక్, జనం, ఎవడైనా ఏమన్నా అంటాడేమో, కారణాలకు కొదవా? చొక్కా హ్యాంగర్‌కే వేలాడింది.

అంతలో కబురొచ్చింది. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళకు, వాళ్ళ కుటుంబాలకు అండగా ఒక చట్టం తెస్తారట, బిల్లు ముసాయిదా మీద సలహాలు చెప్పాలట. ఆ ఆదివారం నారాయణగూడలో ఒక హాల్లో తల్లిదండ్రులంతా కలిశారు. నేను క్లాసు ఎగ్గొట్టి అమ్మతో, అన్నతో వెళ్ళాను. ఒక వకీలు మేడం ఒక్కో నిబంధనా చదివి వివరించింది. వైద్యం, చదువు, కుటుంబానికి సాయం: అన్నింటికీ తలలు ఊగాయి. తర్వాత ఉద్యోగాల మాట వచ్చింది. "సంరక్షకుని అనుమతితో వారు ఉపాధి పొందవచ్చును."

"సంరక్షకుడంటే?" అన్న అడిగాడు.

"నిన్ను చూసుకునేవాళ్ళు, బాబూ," అంది మేడం. ముప్పై దాటినా అన్న అందరికీ బాబే.

"ఇప్పుడైతే నేను. నా తర్వాత వీడు," అని అమ్మ నన్ను చూపించింది. నేను వీలైనంత బాధ్యతగా ముఖం పెట్టాను.

అన్న నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "వీడా? వీనికే నౌకరి లేదు. నాకు పర్మిషన్ ఇచ్చుడేంది?"

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను, వేరే దారి లేక. అన్న మాత్రం నవ్వలేదు.

"నేను అన్నను. వీడు తమ్ముడు. నన్ను అడగాలె గదమ్మా?"

వెనక వరుసలో ఒక తండ్రి తన కూతురి వైపు వంగి ఏదో అడుగుతున్నాడు.

సలహా రాసే పని నాకు పడింది, పరీక్షల కోసం వ్యాసాలు రాసి చెయ్యి తిరిగినవాణ్ణని. "నిర్ణయ ప్రక్రియయందు సదరు వ్యక్తి అభిప్రాయమునకు ప్రథమ ప్రాధాన్యము కల్పించవలెను" అని రాసి వినిపించాను.

"గదేం భాష ర?" అన్నాడు అన్న.

కొట్టేసి, "ముందు వాళ్ళను అడగాలి" అని రాశాను.

తిరిగొస్తుంటే చౌరస్తాలో ఎప్పటిలాగే అన్న చెయ్యి పట్టుకున్నాను. "బండ్లొస్తున్నయ్. నా చెయ్యి ఇడువకు," అన్నాడు అన్న. ఇన్నేళ్ళూ నేనే రోడ్డు దాటిస్తున్నాననుకున్నాను. అన్న లెక్కలో దాటించేది అన్న. ఇద్దరమూ క్షేమంగానే దాటాం కాబట్టి వాదించలేదు.

మా గల్లీ మలుపులో అమ్మ ఆగింది.

"నీకు పోవాల్నని ఉన్నదా బిడ్డా?"

నన్ను కాదు, అన్నను.

"ఆ. ఉన్నది."

"అయితే రేపట్నుంచి పో."

పొద్దున అన్న స్నానం చేసి, ఆ చొక్కా వేసుకుని, టిఫిన్ డబ్బాతో గుమ్మంలో నిలబడ్డాడు. అమ్మ కళ్ళు తుడుచుకుని, ఉల్లిగడ్డ మంటంది. ఇద్దరం అశోక్ నగర్ దాకా నడిచాం.

ఆ షాపుకు సోమవారం సెలవు.